కంప్యూటర్‌లో మొబైల్ యాప్‌లు: ఎమ్యులేషన్ చరిత్ర

ఫోన్ కోసం రాసిన యాప్‌లను, ఆటలను కంప్యూటర్‌లో నడిపించే సాఫ్ట్‌వేరే ఎమ్యులేటర్. దీని చరిత్రను వేగం పెరిగిన కథగా చెప్పడం పరిపాటి. ఏ యాప్ కంప్యూటర్‌లో నిలిచిందో, ఏది నిలవలేదో చూస్తే మాత్రం యంత్రబలం కన్నా యాప్ యజమాని అనుమతే ఎక్కువ లెక్కలోకి వచ్చిందని తెలుస్తుంది. 2007 నవంబరులో గూగుల్ ఆండ్రాయిడ్ డెవలపర్ కిట్‌ను విడుదల చేసేనాటికి మార్కెట్లో ఆండ్రాయిడ్ ఫోనే లేదు. ప్రోగ్రామర్లకు ఎమ్యులేటరే ఫోను. ఫాబ్రిస్ బెలార్డ్ రాసిన క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ దానికి ఆధారం. ఆర్మ్ చిప్ ఆదేశాలను అప్పటికప్పుడు ఇంటెల్ చిప్‌కు అర్థమయ్యేలా మార్చాల్సి రావడంతో అది నత్తనడక నడిచేది. 2009లో మొదలైన ఆండ్రాయిడ్-ఎక్స్86 ప్రాజెక్టు ఏకంగా ఆండ్రాయిడ్‌నే మామూలు కంప్యూటర్లకు తగ్గట్టు మలిచింది. ఒక యంత్రంలోనే మరో యంత్రాన్ని నడిపించే వర్చువలైజేషన్ సదుపాయం ప్రాసెసర్‌లో తోడయ్యాక వేగం సమస్య చాలావరకు తీరింది. రోసెన్ శర్మ తదితరులు స్థాపించిన బ్లూస్టాక్స్ 2011 అక్టోబరులో తొలి ఆల్ఫాను విడుదల చేయడంతో ఎమ్యులేటర్ సామాన్యుల చేతికి వచ్చింది. వాట్సాప్‌ను పెద్ద తెరపై చూడాలనుకున్నవారికి అప్పట్లో అదే దిక్కు. 2015 జనవరిలో వాట్సాప్ వెబ్ రావడంతో ఆ అవసరం తీరిపోయింది. యజమానే తలుపు తీశాక దొడ్డిదారితో పనేముంది?

ఆటల్లో ఈ సంగతి మరీ స్పష్టం. పబ్జీ మొబైల్ 2018లో వచ్చింది. తెర మీది జాయ్‌స్టిక్‌కు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటలను, తుపాకీ గుర్తుకు మౌస్ క్లిక్‌ను జతచేస్తే బొటనవేలితో గురి చూసేవాడి కన్నా మౌస్ పట్టినవాడిదే పైచేయి. కాబట్టి అనుమతి నిరాకరించడం న్యాయమేనని వాదించవచ్చు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. కానీ ఈ ఆటను ప్రచురించిన టెన్సెంట్ స్వయంగా ఎమ్యులేటర్‌ను అందించి, దానిపై ఆడేవారిని వేరుగా జతకట్టింది. అంటే న్యాయం చేయడానికి నిషేధమొక్కటే మార్గం కాదు. ఇక ప్రభుత్వ నిషేధాల సంగతి. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు ఈ ఆటను నిషేధించి, ఫోన్లతో దొరికిన యువకులను అరెస్టు చేశారు. చేతిలో ఫోన్ కనబడితేనే ఆ చర్య సాధ్యం. ఇదే ఆటపై 2020 సెప్టెంబరు 2 నాటి కేంద్ర ప్రభుత్వ నిషేధం తీరు వేరు. అక్టోబరు 30న టెన్సెంట్ భారత్‌లో సేవలు ఆపేసింది. సూరత్‌లోనైనా, వరంగల్‌లోనైనా ఫోనుకూ కంప్యూటర్‌కూ అప్పుడు తేడా లేకుండా పోయింది. సర్వర్ అవతల ఉండే ఆటకు ఎమ్యులేటర్ చేయగలిగింది చాలా తక్కువ.

పెద్ద కంపెనీ పూనుకుంటే అనుమతి గొడవే ఉండదనుకోవడానికీ లేదు. మైక్రోసాఫ్ట్ 2021లో విండోస్ 11కు ఆండ్రాయిడ్ యాప్‌లను ప్రకటించింది. అందులో అధికారికంగా దొరికింది అమెజాన్ యాప్‌స్టోరే, గూగుల్ ప్లే కాదు. జనం వాడే యాప్‌లు ఎక్కువగా గూగుల్ సేవలపై ఆధారపడినవి కావడంతో అది చిన్న లోటు కాదు. 2025 మార్చి 5తో మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయానికి మద్దతు ఆపేసింది. ఈలోపు 2022 జనవరిలో గూగుల్ దక్షిణ కొరియా, తైవాన్, హాంకాంగ్‌లలో కంప్యూటర్లకు సొంత ప్లే గేమ్స్ బీటాను తెచ్చింది. దుకాణం తనదే అయినా, ఆటలను కంప్యూటర్‌కు ఎక్కించడానికి వాటి తయారీదారుల అనుమతి దానికీ అవసరమైంది.