సిస్‌ప్లాటిన్

సిస్‌ప్లాటిన్ అనునది కాన్సరు చికిత్సలో వాడే ప్లాటినం సమ్మేళనం. దీని అణువులో ప్లాటినానికి ఒక పక్క రెండు క్లోరిన్లు, మరొక పక్క రెండు అమ్మోనియాలు ఉంటాయి. ఇవే ఎదురెదురుగా అమరిన ట్రాన్స్‌ప్లాటిన్ మందుగా పనికిరాదు.

ఈ పదార్థాన్ని 19వ శతాబ్దంలోనే తయారు చేసినా, దాని జీవ ప్రభావం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం బాక్టీరియాపై విద్యుత్ ప్రభావాన్ని పరిశీలిస్తుండగా, అవి విభజన చెందక పొడవాటి పోగులుగా సాగాయి. కారణం విద్యుత్తు కాదు, ఎలక్ట్రోడుల నుండి కరిగిన ప్లాటినమని తేలింది. ఈ ఫలితాలు 1965లో వెలువడ్డాయి. 1978లో అమెరికాలో మందుగా అనుమతి లభించింది.

క్లోరైడు అధికంగా ఉన్న రక్తంలో దీని క్లోరిన్లు అంత సులభంగా ఊడవు. కణంలో క్లోరైడు తక్కువ కనుక వాటి స్థానంలో నీటి అణువులు చేరతాయి. అప్పుడు ప్లాటినం డి.ఎన్.ఏ.లోని గ్వానీన్లకు, ముఖ్యంగా పక్కపక్కనే ఉన్న రెండింటికి, అతుక్కొని వాటిని ముడివేస్తుంది. ఆ చోట డి.ఎన్.ఏ. వంగిపోతుంది. దానికి నకలు తీయడం కుంటుపడి, మరమ్మతు సాధ్యం కాకపోతే కణం మరణిస్తుంది.

వృషణాల కాన్సరు ఇతర అవయవాలకు పాకినా, ఈ మందు చేరిన చికిత్సతో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. అయితే ఆరోగ్యకరమైన కణాలకూ హాని తప్పదు. తీవ్రమైన వాంతులు, వినికిడి లోపం, మూత్రపిండాల నష్టం కలుగవచ్చు. అందుకే మందుతో పాటు సెలైన్ ఎక్కించడం పరిపాటి. తరువాత వచ్చిన కార్బోప్లాటిన్ మూత్రపిండాలకు తక్కువ హాని చేసినా రక్తకణాలను తగ్గిస్తుంది. ఆక్సాలిప్లాటిన్‌ను ప్రధానంగా పెద్దపేగు కాన్సరులో వాడతారు.