తుమ్మికూర – పుస్తకపు అంచున ఒక మాట

తెలుగు పండిత శిక్షణలో పద్యము పక్కన ఏమి వ్రాసుకొనవలెనో మాకు నేర్పినారు: ఛందస్సు, సమాసము, అలంకారము. నా ఆముక్తమాల్యద ప్రతి అంచులన్నీ వాటితోనే నిండినవి. వర్షర్తు వర్ణనలో గురుగు, చెంచలి, తుమ్మి మొదలగు ఆకుకూరలతో రెడ్లు భుజించు పద్యమున్నది గదా! దాని పక్కన నేను వ్రాసుకొన్నది ఒకే మాట – “స్వభావోక్తి”. ఎన్నో ఏండ్లు పిల్లలకు అంతే చెప్పినాను.

సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను పెన్సిలు పట్టుకొని నింపాదిగా చదివినప్పుడు గాని నా లోపము నాకు తెలియలేదు. 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి పురస్కారము పొందిన గ్రంథమది. రాజుల యుద్ధాలకు శాసనాలున్నవి. రైతు ఏమి తిన్నాడు, పిల్లలు ఏ ఆటలాడినారు, పూటకూటింట భోజనము వెల ఎంత – వీటికి ఆయన కావ్యాలనే సాక్ష్యమునకు పిలిచినారు. పండితారాధ్య చరిత్ర, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి – మనము రసము కొరకు చదివిన చోట ఆయన వస్తువుల కొరకు చదివినారు. ఒక కవి మాటను మరొక కవి మాటతో, దానిని పల్లెలో మిగిలిన ఆచారముతో కలిపినారు. (నిఘంటువులేమో “బాలక్రీడావిశేషము” అని చేతులు దులుపుకొనును!) తెలంగాణమున కవులే లేరన్న మాటకు 1934లో 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ కూర్చి బదులిచ్చిన ఓపికయే ఇక్కడను కనబడును.

అయితే కన్నదేది, కవిసమయమేది తేల్చుకొనకుండ ముడివేయరాదు. చకోరము వెన్నెల త్రాగుటకు కావ్యము సాక్ష్యము కాదు.

ఇక నా తుమ్మి. మా పూడూరు వైపు వినాయక చవితికి తుమ్మికూర వండుదురు. బాల్యము నుండి తిన్నాను. ఆ పద్యమును కంఠస్థము చేసినాను. రెండును ఒకటేనని తట్టలేదు. చవితి వచ్చునది భాద్రపదమున, వర్షర్తువులోనే. కూర విస్తరిలో ఉండగా నేను అలంకారము చెప్పుచుంటిని!

ఇప్పుడు “స్వభావోక్తి” క్రింద “తుమ్మి – చవితికూర, సాంఘిక చరిత్ర, విజయనగర కాలము చూ.” అని వ్రాసినాను. ఆ పుస్తకమున ఈ పద్యసంఖ్య వేసినాను. ఒకవైపే వేసిన ముడి నా వంటి మతిమరుపువానికి చాలదు.

చెంచలి ఎదుట ఇంకను ఖాళీయే. మీ ప్రాంతమున దానినేమందురో, ఎట్లు వండుదురో తెలిపినచో అక్కడ వ్రాసుకొందును.