తుపాను శిథిలాల్లో సిమెంటు రేకులు: తడి ఆరకముందే వేరు చేయాలి

మచిలీపట్నం: కృష్ణా తీరానికి తుపానులు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఊడ్చిపెట్టింది. 1990 మే నెలలో పెను తుపాను మచిలీపట్నం సమీపాన తీరం దాటింది. గాలివాన వెలిసిన ప్రతిసారీ కూలిన చెట్లు, స్తంభాల నడుమ పగిలిన సిమెంటు రేకులు గుట్టలు పడతాయి. వీటిలో అధిక భాగం ఆస్బెస్టాస్ కలిసినవే. వీటిని మామూలు చెత్తగా పరిగణించరాదు.

ప్రమాదం ఎక్కడ?

రేకులో సుమారు పదో వంతు తెల్ల ఆస్బెస్టాస్ నార ఉంటుంది. రేకు పగిలినా, కోసినా, బండ్లు తొక్కినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. ఇవి ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లకు దారితీస్తాయి. వ్యాధి బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. అందువల్లే ముప్పును ఎవరూ గుర్తించరు. తడిసిన రేకు నుంచి పోగులు అంతగా లేవవు. ఎండ కాసిన తర్వాతే అసలు ప్రమాదం.

పాటించవలసినవి

* ఆస్బెస్టాస్ ఉన్నదీ లేనిదీ చూపుతో తేలదు. పాత రేకులన్నింటిలో ఉన్నట్లే భావించాలి.
* ఆరిన ముక్కలపై నీరు చిలకరించి, చేతి తొడుగులతో నెమ్మదిగా ఎత్తాలి. విసరరాదు, పొడిగా ఊడ్వరాదు.
* మూతికి కట్టుకున్న గుడ్డ ఈ పోగులను ఆపదు. సన్నని ధూళిని వడకట్టే ముసుగు అవసరం.
* పొక్లెయిన్ రాకముందే రేకులను వేరు చేయాలి. యంత్రం కింద అవి నుగ్గవుతాయి.
* ముక్కలను మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలుగా చుట్టి, గుర్తు వేయాలి.
* సందుల్లో గుంతలు, చేపల చెరువు గట్లు పూడ్చడానికి వాడరాదు. కాలువల్లో వేయరాదు.

గుడివాడ పరిసర పల్లపు గ్రామాల్లో వరద నిలిస్తే ముక్కలు బురదలో కూరుకుపోతాయి. బురదను తడిగా ఉండగానే ఎత్తించడం మేలు.

నిబంధనల్లో వెలితి

నిర్మాణ వ్యర్థాలపై కేంద్రం 2025లో ప్రకటించిన నిబంధనలు ప్రకృతి విపత్తుల శిథిలాలకు వర్తించవు. ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రం అనకాపల్లి జిల్లా పరవాడలో ఉన్నా, అది డెల్టాకు బహుదూరం. కనుక రేకులను తాత్కాలికంగా కప్పి ఉంచేందుకు మెరక స్థలాన్ని పురపాలక సంఘాలు, పంచాయతీలు తుపాను కాలానికి ముందే ఎంపిక చేసుకోవాలి. గాలివాన వెలిశాక వెతికితే సమయం మించిపోతుంది.