చూడి గుర్రం రక్తంలోని హార్మోన్: ఒక చరిత్ర

గుర్రం చూడి కాలం సుమారు 11 నెలలు. అది ఎదకు వచ్చేది సంవత్సరంలో కొన్ని నెలలు మాత్రమే. చూడి నిలవలేదన్న సంగతి ఆలస్యంగా తెలిస్తే పెంపకందారుకు ఆ ఏడాది ఈత పోయినట్లే. అందువల్ల చూడిని తొలి దశలోనే గుర్తించే ప్రయత్నాలు గుర్రాల విషయంలో ముందునుంచీ ముఖ్యమైనవి. ఆ ప్రయత్నాలు ఎలా సాగాయో, వాటివల్ల మన అవగాహన ఎలా మారిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1920ల చివర బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే శాస్త్రజ్ఞులు గర్భిణుల మూత్రాన్ని లేత చిట్టెలుకలకు ఎక్కించి, వాటి అండాశయాలలో మార్పులను చూశారు. స్త్రీల గర్భనిర్ధారణకు ఇది తొలి నమ్మకమైన జీవపరీక్ష. 1930లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కోల్, హార్ట్ ఇటువంటి ప్రభావాన్నే చూడి గుర్రం రక్తరసిలో కనుగొన్నారు. ఈ పదార్థం సుమారు 40వ రోజు నుండి రక్తంలో కనిపిస్తుంది. 60-80 రోజుల మధ్య బాగా పెరిగి, తరువాత క్రమంగా తగ్గిపోతుంది. దీనికి 'చూడి గుర్రపు రక్తరసి గొనడోట్రోపిన్' అన్న పేరు స్థిరపడింది.

ఇది ఎక్కడ తయారవుతుంది? 1943లో కోల్, గాస్ దీని మూలం గర్భాశయపు లోపలి పొరలో ఏర్పడే గిన్నెల వంటి నిర్మాణాలని చూపారు. అవి తల్లి గర్భాశయంలో ఉన్నాయి కాబట్టి హార్మోన్ కూడా తల్లిదేనని భావించడం సహజమే. ఈ అభిప్రాయం దాదాపు 30 ఏళ్లు నిలిచింది. 1972లో కేంబ్రిడ్జ్‌లో అలెన్, మూర్ పిండపు పొర నుండి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచగా అవే ఈ హార్మోన్‌ను తయారుచేశాయి. పిండపు కణాలు 36-38 రోజుల ప్రాంతంలో తల్లి గర్భాశయపు పొరలోకి చొచ్చుకుపోయి గిన్నెలుగా మారతాయని తేలింది. దాంతో పేరూ మారింది. నేడు దీనిని 'అశ్వ కోరియానిక్ గొనడోట్రోపిన్' అంటున్నారు. 'కోరియానిక్' అంటే పిండపు పొరకు చెందినది.

ఈ ఆవిష్కరణకు ఆచరణలో పెద్ద ప్రాధాన్యం ఉంది. గిన్నెలు ఏర్పడిన తరువాత పిండం చనిపోయినా అవి కొన్ని వారాలపాటు హార్మోన్‌ను విడుదల చేస్తూనే ఉంటాయి. అప్పుడు రక్తపరీక్ష చూడి ఉన్నట్లే చెబుతుంది. గుర్రం సాధారణ రీతిలో తిరిగి ఎదకు రాదు. అంటే ఈ పరీక్ష గిన్నెలు ఉన్నాయని చెబుతుందే తప్ప పిల్ల బతికి ఉందని చెప్పదు.

1980లో ఫ్రాన్స్‌కు చెందిన పామర్, డ్రియాంకూర్ గుర్రాలలో అల్ట్రాసౌండ్ వాడకాన్ని వివరించారు. రెండు వారాల పిండాన్ని కూడా కంటితో చూడడం సాధ్యమైంది. 1983లో అమెరికాకు చెందిన గింథర్ మరో వింతను నమోదు చేశాడు. గుర్రపు పిండం సుమారు 16వ రోజు వరకు ఒకచోట కుదురుకోక గర్భాశయమంతా తిరుగుతుంది. తరువాత ఒకచోట ఆగినా, గర్భాశయపు గోడకు గట్టిగా అతుక్కోవడానికి 40 రోజుల ప్రాంతం రావాలి.

మరి అంతవరకు దానికి శక్తి ఎక్కడిది? గర్భాశయ గ్రంథులు స్రవించే 'గర్భాశయ పాలే' దానికి ఆహారం. అందులో గ్లూకోజ్, ప్రొటీన్లు ఉంటాయి. 1990లలో ఈ స్రావంలో 'యుటెరోకాలిన్' అనే ప్రొటీన్‌ను గుర్తించారు. ఇది కొవ్వు పదార్థాలను మోసుకుంటూ పిండాన్ని చుట్టి ఉన్న కవచాన్ని దాటి లోపలికి చేరుతుంది. ఈ స్రావానికి ప్రొజెస్టిరాన్ అవసరం కాబట్టి, ఆ హార్మోన్ తగ్గితే పిండానికి ఆహారమూ తగ్గుతుంది.

మొదట తల్లిదనుకున్న హార్మోన్ పిండానిదని తేలింది. పిండం తొలి వారాల పోషణ మాత్రం పూర్తిగా తల్లి స్రావాల మీదనే ఆధారపడి ఉంది. తొలి చూడి ఈ ఇద్దరి ఉమ్మడి పని అన్న అవగాహన ఇలా అంచెలంచెలుగా ఏర్పడింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 70వ రోజున రక్తపరీక్ష చూడి ఉన్నట్లు చూపినా అల్ట్రాసౌండ్ కూడా ఎందుకు అవసరం?