పొగ లేని పొగాకు: స్వీడన్ దారి, మన దారి

సిగరెట్టు మానలేనివాళ్లను ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న వైద్యలోకాన్ని అర్ధశతాబ్దంగా వేధిస్తోంది. మనిషిని కట్టిపడేసేది నికోటిన్, చంపేది పొగలోని తారు అని లండన్ మనోవైద్యుడు మైఖేల్ రస్సెల్ 1976లోనే తేల్చిచెప్పారు. ఆ రెంటినీ విడదీస్తే ప్రాణాలు నిలుస్తాయి కదా అన్న ఆలోచన నుంచే ‘హాని తగ్గింపు’ వాదం బలం పుంజుకుంది.

ఆ వాదానికి కొండగుర్తు స్వీడన్. పై పెదవి కింద పెట్టుకునే తడి పొగాకు పొడి ‘స్నూస్’ అక్కడ 19వ శతాబ్దం నుంచీ ఉన్నదే. సిగరెట్టు దెబ్బకు వెనకబడినా, 1970లలో చిన్న చిన్న సంచుల్లో రావడం మొదలయ్యాక మళ్లీ నిలదొక్కుకుంది. కీలకమంతా తయారీలో ఉంది. పొగాకును పులియబెట్టకుండా వేడిచేసి శుద్ధి చేయడం వల్ల క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు బాగా తగ్గుతాయి. అక్కడి మగవాళ్లు చాలామంది సిగరెట్టు వదిలి దీనికి మళ్లారు. ఐరోపాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా తక్కువగా కనిపించేది వాళ్లలోనే.

అయినా ఐరోపా 1992లో స్నూస్ అమ్మకాన్ని నిషేధించింది. పిల్లలకు కొత్త వ్యసనం అంటుకుంటుందన్నది భయం. 1995లో ఐరోపా సమాఖ్యలో చేరుతూ స్వీడన్ మినహాయింపు తెచ్చుకుంది. మిగతా దేశాల్లో నిషేధం 2004లోనూ, 2018లోనూ కోర్టులో నెగ్గింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాత్రం సిగరెట్టు బదులు వాడితే ముప్పు తక్కువని చెప్పుకునేందుకు 2019లో ఒక స్వీడిష్ కంపెనీ స్నూస్‌కు అనుమతిచ్చింది. సిగరెట్టును యథేచ్ఛగా అమ్మనిచ్చి, అంతకన్నా తక్కువ హాని చేసేదానికి తలుపు మూయడం నా దృష్టిలో అన్యాయమే.

అలాగని ఆ వాదాన్ని మన దేశానికి మోసుకురావడం ఇంకా పెద్ద అన్యాయం. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు 10.7 శాతం, పొగ లేని పొగాకు వాడేవాళ్లు 21.4 శాతం. ఇక్కడ ఖైనీ, గుట్కా, జర్దా సిగరెట్టుకు బదులుగా వచ్చినవి కావు. చాలామందికి తొలి వ్యసనం అవే. గుట్కాలో పొగాకుతోపాటు వక్క, సున్నం కూడా ఉంటాయి. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో చెప్పింది. బుగ్గలు లోపల బిగుసుకుపోయి, ముద్ద పెట్టుకోవడానికి కూడా నోరు తెరుచుకోని కుర్రాళ్లను మన దంతవైద్యులు నిత్యం చూస్తున్నారు. 2012 నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటే గుట్కాను నిషేధించాయి. వ్యాపారులు పాన్ మసాలాను, పొగాకును వేర్వేరు పొట్లాల్లో అమ్మి ఆ నిషేధాన్ని నీరుగార్చారు.

మనకు పనికొచ్చే పాఠం మన నేలమీదే ఉంది. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని తాగే ‘అడ్డపొగ’ శ్రీకాకుళం ప్రాంతంలో ఆడవాళ్ల అంగుళ్లను కాల్చేసింది. అక్కడా, ఎర్నాకుళంలోనూ, భావనగర్‌లోనూ ముంబై టాటా పరిశోధనా సంస్థవాళ్లు 36 వేలమంది పొగాకు వాడకందార్లను కలుసుకుని, మానమని నచ్చజెప్పారు. మానినవాళ్ల నోళ్లలో క్యాన్సర్‌కు ముందొచ్చే తెల్లమచ్చలు తగ్గాయి.

మీ ఇంట్లో ఎవరైనా గుట్కాకో ఖైనీకో అలవాటుపడి ఉంటే, ‘పొగ లేదుగా’ అన్న మాట నమ్మకండి. మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. ఈ రోజే వాళ్లచేత ఫోన్ చేయించండి.