ధాన్యపు బ్యాంకులు: ఆకలికాలం, అప్పు, గ్రామ సమష్టి

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• నాగు అప్పుకూ ధాన్యపు బ్యాంకుకూ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• తెలంగాణలో ధాన్యపు బ్యాంకుల పరిణామ దశలను గుర్తించగలుగుతారు.
• ధాన్యపు బ్యాంకు ఏ ఆకలిని తీర్చగలదో, దేనిని తీర్చలేదో చర్చించగలుగుతారు.

1. పరిచయం

1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ ఒక ఫుడ్ బ్యాంకును ప్రారంభించాడు. దుకాణాల్లో అమ్ముడుపోక మిగిలిన ఆహారాన్ని సేకరించి పేదలకు చేర్చడం దాని పని. మన గ్రామాల్లోని ధాన్యపు బ్యాంకు స్వభావం వేరు. ఇది గింజలను అప్పుగా ఇస్తుంది, పంట చేతికి వచ్చాక తిరిగి తీసుకుంటుంది. కాబట్టి దీని చరిత్రను దానధర్మాల చరిత్రలో కంటే గ్రామీణ రుణాల చరిత్రలో వెతకాలి.

2. నాగు: ఆకలికాలపు అప్పు

వానాకాలపు పంట వేసే నాటికి పేద రైతు గుమ్మి ఖాళీ అవుతుంది. ఆషాఢం నుంచి కొత్త పంట వచ్చే కార్తీకం వరకు గింజ కరువు. కూలి కుటుంబాల పరిస్థితి ఇంకా కష్టం. తెలంగాణ పల్లెల్లో ఈ నెలల్లో దొర దగ్గరో షావుకారు దగ్గరో గింజలు తెచ్చుకోవడాన్ని నాగు తేవడం అనేవారు. కోతలయ్యాక తెచ్చినదానికి సగం కలిపి కొలవాలి. అంటే 100 కిలోలు తెచ్చినవారు నాలుగైదు నెలల్లో 150 కిలోలు ఇవ్వాలి. ఆ కొలతతో గుమ్మి మళ్లీ వెలితి పడుతుంది, మరుసటి ఆషాఢానికి మళ్లీ నాగు తప్పదు. తీర్చలేనివారు జీతం ఉండి పనితో చెల్లించేవారు. పంట బాగా పండిన ఏడు కూడా ఆకలి తప్పకపోవడానికి ఇదొక ప్రధాన కారణం.

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు వెట్టిచాకిరీ రద్దు కోసం, కూలి, పాలేర్ల జీతాల పెంపు కోసం సంఘటితమయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరులో జరిగిన జగిత్యాల జైత్రయాత్రను, ఆ వెంటనే ఈ తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

3. నిజాం పాలనలో తొలి ప్రయత్నాలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ ప్రభుత్వం రైతుల నుంచి లెవీ ధాన్యం వసూలు చేసింది. అదే దశకంలో సహకార శాఖ ద్వారా గ్రామాల్లో ధాన్యపు బ్యాంకులను ప్రోత్సహించింది. గోదావరికి ఆవల ఆదిలాబాద్ గోండు గూడేలలో, మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ సూచించిన పునరావాస కార్యక్రమాల్లో కూడా ధాన్యపు బ్యాంకులకు చోటు దక్కింది. షావుకారు పట్టు నుంచి గోండులను విడిపించడం వాటి ఉద్దేశం.

అయితే మైదాన గ్రామాల్లో అధికారం పటేల్, పట్వారీల చేతిలో ఉండేది. లెవీ భారం చిన్న రైతులపైనే ఎక్కువగా పడింది. 1946–51 సాయుధ పోరాటంలో లెవీ వ్యతిరేకత ఒక ముఖ్యాంశం కావడానికి ఇదే కారణం. గింజలు ఊళ్లోనే ఉన్నా, కొట్టు తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నదే అసలు ప్రశ్న అని ఈ దశ తెలుపుతుంది.

4. మహిళా సంఘాల చేతికి తాళంచెవి

ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం జహీరాబాద్ ప్రాంతంలో కనిపిస్తుంది. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో అక్కడి దళిత మహిళా సంఘాలు 1990ల మధ్యలో 30కి పైగా గ్రామాల్లో సామూహిక ధాన్య నిధిని ప్రారంభించాయి. దాని పనితీరు ఇది:

• పడావు పడిన భూములను సాగులోకి తెచ్చుకోవడానికి పేద రైతులకు అప్పు ఇచ్చారు.
• ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా, కొన్నేళ్ల వాయిదాల్లో తీసుకున్నారు.
• ఊరి వారే కూర్చుని పేద కుటుంబాలు ఏవో, ఎవరి అవసరం ఎంతో నిర్ణయించారు.
• నిల్వ చేసిన జొన్నలను ఆకలికాలంలో ఆ కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు.

దీనివల్ల సాగు, కూలి పని, తిండి మూడూ ఊళ్లోనే పెరిగాయి. ఈ సంస్థ 2019లో ఈక్వేటర్ బహుమతి పొందింది.

5. ప్రభుత్వ పథకాలు, కరీంనగర్ అనుభవం

కేంద్రం 1996–97లో గిరిజన ప్రాంతాల కోసం గ్రామ ధాన్యపు బ్యాంకుల పథకాన్ని ప్రారంభించి, 2004లో దానిని ఆహార శాఖకు బదిలీ చేసింది. సుమారు 30–40 పేద కుటుంబాలు కలిసి ఒక బ్యాంకుగా ఏర్పడితే, కుటుంబానికి ఒక క్వింటాలు వరకు అప్పుగా ఇచ్చే వీలు ఆ పథకంలో ఉండేది.

రాయికల్, కోరుట్ల ప్రాంతాలు అప్పటి కరీంనగర్ జిల్లాలోనివి. 1963లో పునాది పడిన పోచంపాడు ప్రాజెక్టు నీటితో ఈ జిల్లాలో వరి విస్తరించింది. కానీ భూమి లేని ఇళ్లు బీడీల కూలి మీద, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు మీద ఆధారపడ్డాయి. తెల్లకార్డుపై మనిషికి 4 కిలోలు, ఇంటికి 20 కిలోలకు మించని బియ్యం నెలంతా సరిపోయేవి కావు. మిగతా బియ్యం కిరాణా కొట్టులో ఖాతా మీద, ఎక్కువ ధరకు తెచ్చుకోవలసి వచ్చేది.

2000ల దశకంలో వెలుగు (తరువాత ఇందిరా క్రాంతి పథం) కింద గ్రామైక్య సంఘాలు ఈ లోటుపై దృష్టి పెట్టాయి. సభ్యులు తమ అవసరాన్ని చెప్పేవారు. సంఘం అన్నిటినీ కలిపి మిల్లు నుంచో టోకు వ్యాపారి నుంచో ఒకేసారి కొనేది. ఇళ్లకు అప్పుగా ఇచ్చి వాయిదాల్లో వసూలు చేసేది. పాత ధాన్యపు బ్యాంకుకు, పొదుపు సంఘానికి ఇది మేళవింపు.

6. సిరిసిల్ల చూపిన పరిమితి

సిరిసిల్లలో మరమగ్గాల సంక్షోభం వల్ల 2000ల తొలి ఏళ్లలో అనేకమంది నేత కార్మికులు ఆత్మహత్య చేసుకున్నారు. అక్కడ అంగళ్లలో బియ్యానికి కొరత లేదు. కొనే శక్తి పోయింది. కరువుల్లో ఆహారం ఉన్నా దానిపై హక్కు పోవడం వల్ల మనుషులు చనిపోతారని అమర్త్య సేన్ 1981లో చేసిన వాదనకు ఇది దగ్గరి ఉదాహరణ. కార్తీకంలో కోతకొచ్చే పంట లేని కార్మికుడికి గింజల అప్పు మరో అప్పే అవుతుంది. అందుకే నేత కుటుంబాలకు నెలకు 35 కిలోల అంత్యోదయ కార్డులు ఇవ్వవలసి వచ్చింది.

7. సారాంశం

రుతువును బట్టి వచ్చి పోయే ఆకలిని ధాన్యపు బ్యాంకు సమర్థంగా దాటిస్తుంది, నాగు వంటి అప్పుల నుంచి కాపాడుతుంది. కానీ తీసుకున్నవారికి తిరిగి ఇచ్చే ఆదాయం, నిర్వహణలో పేదల అధికారం ఉండాలి. ఉపాధే కూలిపోయిన చోట రేషన్ హక్కు, పని, న్యాయమైన కూలి అవసరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నాగు అంటే ఏమిటి? అది ఆకలిని ఎలా కొనసాగించింది?
2. జహీరాబాద్ ధాన్య నిధి, యుద్ధకాలపు ధాన్యపు బ్యాంకుల మధ్య తేడాలను తెలపండి.
3. మీ ఊళ్లో పెద్దలను అడిగి, ఆకలికాలంలో గింజలు ఎక్కడి నుంచి, ఏ షరతులపై తెచ్చుకునేవారో ఒక పేజీలో రాయండి.