గల్లాకీ కార్డు మిషన్‌కీ నడుమ కరార్

మా అబ్బా కిరాణా దుకాణం కట్టే ముందు రోజూ రెండు పనులు చేసేవారు. గల్లాలో నఖ్దు లెక్కపెట్టడం, బహీలో రాసుకున్నదానితో దాన్ని మిలాయించడం. రూపాయి తేడా వచ్చినా షట్టర్ దిగేది కాదు. "పైసా పోతే పోనీ బేటా, హిసాబ్ తప్పితే భరోసా పోతుంది" అనేవారు.

పోయినేడు మా ఖాలా కొడుకు జర్మనీ నుంచి ఫోన్ చేసినప్పుడు ఆ మాటే యాదికొచ్చింది. వాడు అక్కడ చదువుకుంటూ సాయంత్రాలు ఒక చిన్న దుకాణంలో కౌంటర్ చూస్తాడు. ఒక ముసలమ్మ 8.40 యూరోల సామాను కొంటే కార్డు మిషన్‌లో 84 కొట్టాడట. ఆమె చూసుకోకుండా పిన్ నొక్కేసింది. రాత్రి లెక్క చూస్తే 75.60 యూరోలు ఎక్కువొచ్చాయి. రోజూ వచ్చే మనిషి కాబట్టి మర్నాడు తిరిగి ఇచ్చారు. లేకపోతే? "భాయ్, మా దుకాణంలో గల్లాకీ మిషన్‌కీ మాటల్లేవు" అన్నాడు వాడు. ఆ మాటలు కలిపిన తారీఖ్ ఏమిటో వెతుక్కుంటూ పోయాను.

జర్మన్లు కార్డుని చాలాకాలం 'ఈసీ కార్డు' అనే పిలిచారు. ఈసీ అంటే యూరోచెక్. 1960ల చివర్లో యూరప్ బ్యాంకులు కలిసి పెట్టుకున్న పద్ధతి అది. చెక్కుతో పాటు ఈ కార్డు చూపిస్తే, ఒక హద్దు వరకు బ్యాంకే జమానత్. 1990లో జర్మనీలో పిన్‌తో చెల్లించే 'ఎలక్ట్రానిక్ క్యాష్' మొదలైంది. 2001 ఆఖరుతో చెక్కు జమానత్ ముగిసింది. 2007 నుంచి కార్డు పేరు 'జీరోకార్డ్'. దీని పక్కనే ఇంకో దారీ నడిచింది. కార్డులోంచి ఖాతా నంబర్ తీసుకుని, కాగితం మీద దస్తఖత్ పెట్టించుకోవడం. ఖర్చు తక్కువే. కానీ ఖాతాలో డబ్బు లేకపోతే నష్టం దుకాణదారుడిదే. పిన్ ఉంటే బ్యాంకు జిమ్మేదారీ, దస్తఖత్ ఉంటే మాలిక్ జిమ్మేదారీ.

ఇక గల్లా సంగతి. మిషన్ విడిగా ఉన్నంతకాలం మొత్తాన్ని రెండుసార్లు కొట్టాల్సిందే, మా వాడిలా. దానికి విరుగుడుగా వచ్చింది జెడ్‌వీటీ. జర్మన్‌లో చెల్లింపుల టెర్మినల్‌కి ఉన్న పొడుగాటి పేరుకి అది పొట్టిరూపం. జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ గల్లా కంప్యూటర్లు టెర్మినల్‌తో ఎక్కువగా ఈ జుబాన్‌లోనే మాట్లాడతాయి. మొదట్లో సీరియల్ తీగ మీద, తర్వాత నెట్‌వర్క్ మీద.

ఆ సంభాషణ బజారు బేరంలా ఉంటుంది. గల్లా ముందు 06 00 అని సలాం కొట్టి తనెవరో చెప్పుకుంటుంది. తర్వాత 06 01 అని మొత్తం చెబుతుంది, పక్కన కరెన్సీ నంబర్: యూరోకి 978. అక్కడినుంచి పెత్తనం టెర్మినల్‌ది. పిన్ అడిగేదీ, బ్యాంకుని కనుక్కునేదీ అదే. పిన్ గల్లాకి చేరదు. ఫలితం 04 0F అని వస్తుంది, పని ముగిస్తే 06 0F, తెగిపోతే 06 1E.

అసలు పరీక్ష నడుమ తీగ ఊడినప్పుడు. బ్యాంకు డబ్బు తీసేసుకుంది, గల్లాకి ఖబర్ లేదు. మళ్లీ కొడితే గ్రాహక్ రెండుసార్లు కడతాడు, ఊరుకుంటే సామాను ముఫ్త్. అందుకే చివరి రసీదు మళ్లీ అడగడానికి 06 20, చెల్లింపు రద్దుకి 06 30 పెట్టుకున్నారు. రాత్రి పూట 06 50 అంటే ఆ రోజు హిసాబ్ మూసేస్తారు. జర్మన్లు దాన్ని 'కాసెన్‌ష్నిట్' అంటారు.

పక్కనే ఉన్న స్విట్జర్లాండ్‌లో చాలామంది మాట్లాడేది జర్మనే అయినా దారి వేరు. కరెన్సీ ఫ్రాంకు, నంబర్ 756. టెర్మినల్‌కీ చెల్లింపులు స్వీకరించే సంస్థకీ నడుమ 'ఈపీ2' అనే సొంత ప్రమాణం. ఒక జుబాన్, రెండు కరార్లు. వియన్నాలో నడిచిన సాఫ్ట్‌వేర్ జ్యూరిక్‌లో ఉన్నదున్నట్టు నడుస్తుందన్న భరోసా లేదు.

ఆ కరార్‌లో పాత భోలాతనం కూడా మిగిలింది. 2015 డిసెంబర్‌లో హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సభలో కార్‌స్టెన్ నోల్ బృందం దాన్ని బయటపెట్టింది. దుకాణం నెట్‌వర్క్‌లోకి దూరినవాడు తనే గల్లానని టెర్మినల్‌ని నమ్మించి, కార్డు వివరాలతో పాటు పిన్ కూడా రాబట్టగలడని చూపించింది. దుకాణంలోపలి తీగ మీద ఉన్నవాళ్లంతా మనవాళ్లే అనుకున్న కాలపు జుబాన్ అది.

2022 మే నెలాఖరులో ఇంకో దెబ్బ. జర్మనీ అంతటా వాడే ఒకే మోడల్ టెర్మినల్‌లో సాఫ్ట్‌వేర్ లోపం వచ్చి, ఎన్నో దుకాణాల్లో కార్డులు రోజుల తరబడి పనిచేయలేదు. గల్లా బాగానే ఉంది, బ్యాంకూ బాగానే ఉంది. నడుమ మాట్లాడేవాడు మూగబోయాడు. తలుపుల మీద 'నఖ్దు మాత్రమే' అని కాగితాలు అంటించారు. నఖ్దుని వదలని జర్మన్ల మొండితనం ఆ రోజుల్లో అక్కరకొచ్చింది. బుండెస్‌బ్యాంక్ 2023 సర్వేలో కూడా వందలో 51 చెల్లింపులు నఖ్దుతోనే.

మొన్న మా వాడు మళ్లీ ఫోన్ చేశాడు. మాలిక్ కొత్త గల్లా తెచ్చి మిషన్‌తో కలిపించాడట. ఇప్పుడు అంకె ఒక్కసారే కొడతాడు. "మరి రాత్రి హిసాబ్?" అని అడిగాను. "మిషనే చేస్తుంది భాయ్. అయినా ఆ కాగితం తీసి మాలిక్ ఒకసారి పెన్నుతో కూడుకుంటాడు. ఆ తర్వాతే షట్టర్" అన్నాడు.

ఆ మాలిక్‌ని నేను చూడలేదు. మా అబ్బా చూసి ఉంటే పక్కన స్టూలు వేసి చాయ్ తెప్పించేవారు.